గడిలో పడిన గుంటలు

మూడెకరాల ఇరవై గుంటలు. ఇదెంత భూమి అని తెలంగాణలో ఏ రైతునడిగినా మూడున్నర ఎకరాలని తడుముకోకుండా చెబుతాడు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 20 అంటే సగం. కాగితం మీద దీన్ని 3.20 అని రాస్తారు. చుక్కకు ఎడమవైపున్నవి ఎకరాలు, కుడివైపున్నవి గుంటలు. చూడ్డానికి దశాంశ బిందువులా ఉన్నా అది దశాంశ బిందువు కాదు. రెండు కొలతల మధ్య వేసిన గట్టు.

ఇదే 3.20ని ఎక్సెల్ గడిలో టైపు చేసి ఎంటర్ కొట్టండి. 3.2 అవుతుంది. ఎక్సెల్ తప్పేం చేయలేదు, దాని లెక్కలో చివరి సున్నాకి విలువ లేదు. కానీ ఆ షీటుని ప్రింటు తీసి పట్టాదారు చేతిలో పెడితే, ఆయన చదివేది మూడెకరాల రెండు గుంటలని. 18 గుంటలు ఎటో పోయాయి. గుంటంటే 121 చదరపు గజాలు. 18 గుంటలంటే 2,178 గజాలు. ఎల్బీనగర్ చుట్టుపక్కల భూమిని ఇప్పుడెవరూ గుంటల్లో కొనరు, గజాల్లో కొంటారు. 200 గజాల ప్లాట్ల లెక్క వేసుకుంటే దాదాపు పదకొండు ఇళ్ల స్థలాలు ఒక్క సున్నాతో పాటు మాయమయ్యాయన్నమాట.

కూడిక పెడితే మరో వింత. అన్నకి 1.20, తమ్ముడికి 1.20 ఉంది. ఎకరంన్నర, ఎకరంన్నర కలిస్తే మూడెకరాలు. ఎక్సెల్ 2.4 అంటుంది. దాన్ని రెండెకరాల నాలుగు గుంటలని చదువుకుంటే దాదాపు ఎకరం గల్లంతు. చుక్క తర్వాత రెండు స్థానాలు చూపించేలా పెట్టిన గడిలో 2.20కి 1.30 కలిపితే 3.50 వస్తుంది. ఇది కొంత నయం, ఎందుకంటే గుంటల భాషలో చుక్క తర్వాత 39కి మించిన అంకె ఉండకూడదు. తెలిసినవాడు చూడగానే ఆగిపోతాడు, సరిచేసి 4.10 అని రాస్తాడు. తెలియనివాడికి 3.50 కూడా చక్కటి అంకెలాగే కనిపిస్తుంది.

కోస్తా నుంచి వచ్చినవాళ్లకి ఈ గొడవ వెంటనే అర్థం కాదు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు. అక్కడి చుక్క నిజంగానే దశాంశ బిందువు. 3.20 అన్నా 3.2 అన్నా ఒకటే, కూడికలు కూడా వాటంతటవే సరిపోతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చిన కొలత ఒకటి, నిజాం రాజ్యం బొంబాయి పద్ధతిని చూసి తెచ్చుకున్న కొలత మరొకటి. ఈ రెండూ 1956లో ఒక రాష్ట్రంలోకి వచ్చాయి, తర్వాత ఒకే రకం సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాయి. ఒకే ఫార్ములా ఒకవైపు సరైన జవాబు, ఇంకోవైపు తప్పు జవాబు ఇస్తుంది. తెలుగువాళ్ల రెండు చరిత్రలు ఒక గడిలో కూర్చున్నప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక పెద్ద డేటాబేస్‌లో ఉన్న రికార్డుల్ని బయటికి తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవడం ఇవాళ ఆఫీసుల్లో అందరూ చేసే పని. ఆ దారిలో వచ్చే తప్పుల్ని ‘టెక్నికల్ ప్రాబ్లం’ అని తేలిగ్గా తీసేస్తాం. నాకైతే వాటిలో చాలావరకు చరిత్ర సమస్యలుగానే కనిపిస్తాయి. ఒక కాలం తనకోసం రాసుకున్న రాతని మరో కాలం తన అలవాటు ప్రకారం చదవడం వల్ల వచ్చే చిక్కులు.

ఎల్బీనగర్ పేరు లాల్ బహదూర్ శాస్త్రిది కాబట్టి ఊరి వయసు ఊరి పేరులోనే ఉంది. దాని కింద ఉన్న నేల మాత్రం పాతది. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, మన్సూరాబాద్, సాహెబ్‌నగర్, నాగోల్, కొత్తపేట, గడ్డిఅన్నారం: ఇప్పుడు బస్సు కండక్టరు అరిచే స్టాపుల పేర్లు, ఒకప్పుడు విడివిడి గ్రామాలు. ప్రతి గ్రామానికీ ఒక సర్వే నంబర్ల వరస. సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత నిజాం రాజ్యంలో భూమిని కొలిచి, నంబరు వేసి, ‘సేత్వార్’ అనే మూల రికార్డులో ఎక్కించారు. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ ఇవాళ్టికీ కోర్టుల్లో పలుకుతుంది. కాలనీలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు కూడా ఏదైనా తగువొస్తే వకీలు చేత ఆ డెబ్బై ఏళ్ల నాటి పట్టిక నకలు తీయించుకోవాల్సిందే.

పహాణీ కూడా పట్టికే, ఆ మాటకొస్తే స్ప్రెడ్‌షీటే. నిలువు గళ్లలో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పంట. అడ్డం వరసలో ఒక్కో భూమి ముక్క. కింద ‘మీజాన్’, అంటే మొత్తం. దీన్ని రాసే పట్వారీకి ఆ గళ్ల అర్థం వేళ్ల చివర ఉండేది. ఏ చుక్క గట్టో, ఏ గీత కొట్టివేతో, ఏ ఖాళీ ‘లేదు’ అని చెబుతోందో, ఏ ఖాళీ ‘ఇంకా అడగలేదు’ అని చెబుతోందో ఆయనకి తెలుసు. ఆ తెలివిని ఆయన ఊరి మీద పెత్తనానికి వాడుకున్నాడనేదీ నిజమే. తెలంగాణ పల్లెల్లో పట్వారీ మీదున్న కోపం ఊరికే పుట్టలేదు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం పదవుల్ని రద్దు చేసింది. పెత్తనం పోవడం మంచిదే అయింది. దాంతోపాటు ఆ గళ్లని చదివే విద్య కూడా బస్తాల్లో కట్టుకుపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లకే ఆ కాగితాలు కంప్యూటర్ ముందుకు వచ్చాయి.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ అనే పథకం మొదలుపెట్టింది. చంద్రబాబు నాయుడి ప్రభుత్వం, వెనక ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. 200కి పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు కంప్యూటర్ల మీదికొచ్చాయి. అంతకుముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కావాలంటే గుమస్తా పాత ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాలి, రోజులు పట్టేది. కొత్త పద్ధతిలో నిమిషాల్లో వస్తుందన్నారు, వచ్చింది కూడా. అందుకోసం వెనకటి పదిహేనేళ్ల ఇండెక్సుల్ని కూర్చోబెట్టి టైపు చేయించారు. ఇవాళ ఆన్‌లైన్లో ఈసీ తీస్తే లెక్క 1983 నుంచి మొదలవడానికి కారణం అదే. 1983 జనవరి 1కి ముందు భూమి చేతులు మారలేదని కాదు. టైపు చేయడం అక్కడ ఆగింది, అంతే. ‘ఈసీ క్లియర్‌గా ఉంది’ అని ప్లాటు కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. డేటాబేస్‌లో లేనిదీ లోకంలో లేనిదీ ఒకటి కాదు.

ఇక్కడ కాస్త సాంకేతిక చరిత్ర తప్పదు. డేటాబేస్, స్ప్రెడ్‌షీట్ చూపులకి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ పుట్టిన ఇళ్లు వేరు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే గణితజ్ఞుడు రిలేషనల్ డేటాబేస్ ఆలోచనని ఒక వ్యాసంలో పెట్టాడు. అందులో ప్రతి నిలువు వరసకీ ఒక జాతి ఉంటుంది: ఇది అంకె, ఇది తేదీ, ఇది రాత. జాతి తప్పితే లోపలికి రానివ్వదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు కుర్రాళ్లు తెచ్చిన విసికాల్క్ అలా కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు క్లాసులో నల్లబల్ల మీద ఒక అంకె మారిస్తే మిగతావన్నీ చెరిపి రాయాల్సి రావడం చూసి బ్రిక్లిన్‌కి వచ్చిన ఊహ అది. అక్కడ వరసకి జాతి లేదు, గడికి గడే స్వతంత్రం. ఏది టైపు చేసినా తీసుకుంటుంది, తీసుకున్నాక ఇదేమై ఉంటుందా అని ఊహిస్తుంది. తర్వాత వచ్చిన లోటస్ 1-2-3, ఎక్సెల్ ఆ ఊహించే గుణాన్ని ఇంకా పెంచాయి. ఒకటి ఛాందసం, ఇంకోటి చనువు. వాటి మధ్య సంబంధం కుదర్చడానికి 1992లో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ అనే మధ్యవర్తిని తెచ్చింది.

ఈ మధ్యవర్తి తెచ్చే తగాదాలు దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో చదివినవాళ్లకి బాగా గుర్తుండాలి. కోణార్క్ థియేటర్ సందుల్లో, చైతన్యపురి వైపు మేడల మీద, ఒకప్పుడు ఫాక్స్‌ప్రో, ఒరాకిల్, తర్వాత టాలీ, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ అంటూ బోర్డులు మారుతూ వచ్చాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చి ఈ రెండు కోచింగ్ లోకాల్నీ ఒకే గీత మీద కలిపింది. డేటాబేస్ కట్టడం అమీర్‌పేటలో నేర్చుకుంటారు, దాన్నించి రిపోర్టు లాగడం దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చుకుంటారు అని నేనంటే అతిశయోక్తే. పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

ఆ క్లాసుల్లో మొదటి వారమే ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: ‘డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అండ్ నో డిఫాల్ట్ డ్రైవర్ స్పెసిఫైడ్’. సోర్స్ పేరు కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా లేదంటుంది. కారణం ఎక్కువసార్లు ఒకటే. ఎక్సెల్ 32 బిట్‌ది, డ్రైవర్ 64 బిట్‌ది, లేదా తలకిందులు. విండోస్‌లో ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు ఉంటారు, ఒకరు పెట్టింది ఇంకొకరికి కనబడదు. పైగా 64 బిట్ వాడు ‘సిస్టమ్32’ అనే ఫోల్డర్లో ఉంటాడు, 32 బిట్ వాడు ‘సిస్‌వావ్64’ అనే ఫోల్డర్లో ఉంటాడు. ఇద్దరి ఫైలు పేరూ ఒకటే, దాని చివర 32 అనే ఉంటుంది. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని పాత పేర్లని అలాగే ఉంచినందువల్ల వచ్చిన తిరకాసు ఇది. రెవెన్యూ శాఖలో ఊరు కాలనీ అయినా రికార్డులో ఇంకా పాత గ్రామం పేరే ఉండటం లాంటిదన్నమాట.

ఎర్రర్ చెప్పి ఆగిపోయే తప్పులు నిజానికి మర్యాదస్తులు. పని జరగలేదని మనకి తెలుస్తుంది. పని జరిగినట్టే కనబడి లోపల మారిపోయేవే ప్రమాదం.

సర్వే నంబరు 12/3 తీసుకోండి. పన్నెండో నంబరులో మూడో ముక్క. దీన్ని టెక్స్ట్ ఫైలుగా దింపి ఎక్సెల్‌లో తెరిస్తే అది మార్చి 12 అవుతుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే డిసెంబరు 3 అవుతుంది. సంవత్సరం చెప్పలేదు కాబట్టి ఫైలు తెరిచిన సంవత్సరాన్ని తనే తగిలించుకుంటుంది. అంటే తప్పు ఎప్పుడు జరిగిందో తప్పే చెబుతుంది. పాత షీటులో 12-03-2017 కనిపిస్తే ఆ గడిని 2017లో ఎవరో తెరిచి సేవ్ చేశారని అర్థం. శాసనాల్లో లిపిని బట్టి కాలం కట్టే పద్ధతికి ఇది దూరపు చుట్టం. సర్వే నంబరు 3/45 అయితే ఇంకా వెనక్కి పోతుంది, 1945 మార్చి 1 అవుతుంది. 45/3 మాత్రం బతికిపోతుంది, ఎందుకంటే 45వ తారీఖు ఏ నెలలోనూ లేదు. ఒకే వరసలో కొన్ని నంబర్లు బాగుండి కొన్ని పాడవడం వల్లే ఈ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడదు.

హైదరాబాద్ ఇంటి నంబర్లదీ అదే గతి. ఇక్కడి పాత పద్ధతిలో వార్డు, బ్లాకు, ఇల్లు మూడు అంకెలుగా, మధ్యలో అడ్డగీతలతో రాస్తారు. 11-6-20 అనే ఇల్లుందనుకోండి. మన పద్ధతి కంప్యూటర్లో అది 2020 జూన్ 11. లోపల మాత్రం 43993 అనే అంకె, ఎందుకంటే ఎక్సెల్‌కి తేదీ అంటే 1900 నుంచి రోజుల లెక్క. అమెరికా పద్ధతి కంప్యూటర్లో అదే ఇల్లు నవంబరు 6, లోపల 44141. ఆ వరసని ‘నంబర్’ అని ఫార్మాట్ మార్చారంటే ఇక ఇల్లు లేదు, 43993 ఉంది. దాన్నుంచి తిరిగి ఇంటికి దారి కనుక్కోవాలంటే ముందు ఆ కంప్యూటర్ ఏ దేశం అలవాటులో ఉందో తెలియాలి. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా పన్నెండు మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. ఒక్కోదానికి ఒక్కో రకం ఇంటి నంబర్లు, ఒక్కోదానికి ఒక్కో ఆస్తిపన్ను రిజిస్టరు. అలాంటి పట్టికల్ని ఒకచోట చేర్చే పనిలో కూర్చున్నవాడి కష్టం ఊహించుకోవచ్చు.

ఆ 1900 లెక్కలోనూ ఒక పురాణముంది. 1900 లీపు సంవత్సరం కాదు. లోటస్ 1-2-3 దాన్ని లీపుగా లెక్కేసింది. లోటస్ ఫైళ్లు తమ దగ్గరా సరిగ్గా తెరుచుకోవాలని ఎక్సెల్ తెలిసి తెలిసీ ఆ తప్పునే తలకెత్తుకుంది. అందుకే ఎక్సెల్ కాలెండర్లో ఇవాళ్టికీ 1900 ఫిబ్రవరి 29 ఉంది. పైగా ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కిస్తే, ఎస్‌క్యూఎల్ సర్వర్ సున్నాగా లెక్కిస్తుంది. రెండూ కలిసి, తేదీ అంకెగా ఇటు నుంచి అటు వెళితే సరిగ్గా రెండు రోజుల తేడా. రిజిస్ట్రేషన్ తేదీలన్నీ రెండు రోజులు జరిగాయంటే గుమస్తా నిర్లక్ష్యం అనకండి, లోటస్‌ని గుర్తుచేసుకోండి.

తేదీలతో దెబ్బతిన్నది మనమే కాదు. మనిషి జన్యువుల్లో ‘సెప్టిన్’ కుటుంబం ఒకటుంది, పొట్టి పేరు ‘సెప్ట్ 2’ లాంటిది. ఎక్సెల్ దాన్ని సెప్టెంబరు 2 చేసింది. ‘మార్చ్ 1’ అనే జన్యువు సహజంగానే మార్చి 1 అయింది. ఈ సంగతి 2004లోనే శాస్త్రవేత్తలు రాశారు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెతికితే, జన్యువుల పట్టికల్ని ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన వ్యాసాల్లో సుమారు అయిదో వంతులో ఈ తప్పు కనిపించింది. చివరికి 2020లో పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే జన్యువుల పేర్లు మార్చింది. ఎక్సెల్ మారలేదు, మనిషి జన్యువు మారింది. సర్వే నంబర్లకి ఆ సౌకర్యం లేదు. 12/3ని మార్చాలంటే సేత్వార్ దాకా పోవాలి.

తెలంగాణ సర్వే నంబర్లలో ఇంకో సొగసుంది. భాగాలకి అంకెలే కాదు, అక్షరాలు కూడా వాడతారు. 15/అ, 15/ఆ, 15/ఇ. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ అచ్చులు ముందుకు సాగుతాయి. వర్ణమాల ఇంత పనికొచ్చే చోటు బడి తర్వాత ఇదే అనుకుంటాను. ఈ అచ్చులే కంప్యూటర్‌కి కొరకరాని కొయ్య. తొంభైల్లో తెలుగుని రకరకాల ఫాంట్లలో టైపు చేసేవారు. తెర మీద ‘అ’ కనిపించినా లోపల ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ ఫాంటు లేని కంప్యూటర్లోకి వెళ్లగానే ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు గానీ ఆఫీసు బల్లల మీదికి అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

యూనికోడ్ వచ్చాకా గొడవ తీరలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు. డేటాబేస్ నుంచి తెలుగు పేర్లని టెక్స్ట్‌గా దింపి, ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే, అది ఆ బైట్లని యూరప్ అక్షరాలుగా చదివే అవకాశం ఎక్కువ. అప్పుడు తెర నిండా తలమీద గీత ఉన్న చిన్న ‘ఎ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తాయి. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కావడం వల్ల ఆ ‘ఎ’ మళ్లీ మళ్లీ వస్తుంది. దీన్ని చూసి భయపడక్కర్లేదు. లోపల తెలుగు భద్రంగానే ఉంది, చదివే పద్ధతి ‘యూటీఎఫ్-8’ అని చెప్పి ఫైలుని ఇంపోర్టు చేసుకుంటే తిరిగొస్తుంది. భయపడాల్సింది ప్రశ్నార్థకాల్ని చూసి. పట్టాదారు పేరు దగ్గర ‘?????’ ఉంటే, తెలుగు తెలియని గడిలో తెలుగుని పోశారని అర్థం. అక్కడ పేరు మిగల్లేదు, ఎన్ని అక్షరాలో లెక్క మాత్రం మిగిలింది. మూల కాగితం దగ్గరికి వెళ్లడం తప్ప దారి లేదు.

తిరుగు ప్రయాణంలో అచ్చులకి మరో గండం. ఎక్సెల్ షీటుని మూలంగా పెట్టుకుని యాక్సెస్‌లోకో మరో ప్రోగ్రాంలోకో లాగినప్పుడు, మైక్రోసాఫ్ట్ పాత డ్రైవర్ మొదటి ఎనిమిది వరసలు చూసి ఆ నిలువు వరస జాతి ఏమిటో తేల్చేస్తుంది. మొదటి ఎనిమిదీ 7, 8, 9 అంటూ అంకెలే అయితే, తర్వాత వచ్చే 15/అ దాని దృష్టిలో అంకె కాదు కాబట్టి ఖాళీ అయిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. పంపకాలు జరగని పెద్ద కమతాలు భేషుగ్గా ఉంటాయి. అన్నదమ్ములు పంచుకున్న చిన్న ముక్కలే మాయమవుతాయి. కొత్త పవర్ క్వెరీ మొదటి 200 వరసలు చూస్తుంది, కుదరని చోట కనీసం ‘ఎర్రర్’ అని రాసి పెడుతుంది. ఆ మాత్రం నిజాయితీ కూడా గొప్పే.

ఇవన్నీ చదివి తెలంగాణలో భూమి రికార్డుల గొడవలన్నీ ఎక్సెల్ వల్లే అనుకోకండి. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూభారతి: వీటి చుట్టూ ఉన్న తగువుల్లో చట్టం ఉంది, రాజకీయం ఉంది, డబ్బుంది. కానీ విస్తీర్ణం తగ్గిందనీ, సర్వే నంబరు కనబడటం లేదనీ అర్జీ పట్టుకుని తిరిగేవాళ్లకి కారణం ఏదైనా అనుభవం ఒకటే. తెర మీద లేదు కాబట్టి లేదు అనే జవాబు వినడం.

వరసలు రాలిపోయిన కథల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందింది 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో జరిగింది. కోవిడ్ పరీక్షల ఫలితాల్ని పాత ఎక్సెల్ ఫార్మాటులోకి దింపుతున్నారు. ఆ ఫార్మాటులో ఒక షీటుకి 65,536 వరసలే పడతాయి. మిగిలినవి పడిపోయాయి. 15,841 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్లని కలిసినవాళ్లకి హెచ్చరికలు ఆలస్యమయ్యాయి. 2007 నుంచే కొత్త ఫార్మాటులో 10,48,576 వరసలు పడుతున్నా పాతదాన్ని వదల్లేకపోయారు. తెచ్చిన వరసలెన్ని, పడిన వరసలెన్ని అని ఒక్కసారి పోల్చి చూసుకుంటే బయటపడే తప్పు అది. పట్వారీ ‘మీజాన్’ వేసింది అందుకే కదా.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు ఇంట్లో ఉండకపోతే లెక్కలోంచి పోతామన్న భయంతో, ముందురోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల కోసం జనం కిక్కిరిసిపోయారు. మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటాడు, రేషన్ కార్డు ఊళ్లో ఉంటుంది, ఓటు ఇంకోచోట ఉంటుంది. ఈ ముగ్గురూ ఒకడేనని కంప్యూటర్‌కి చెప్పాలంటే ఒక తాళంచెవి కావాలి. ఆధార్ ఉందిగా అంటారు. ఆధార్ 12 అంకెలు. ఎక్సెల్ మామూలు గడిలో 11 అంకెల దాకానే పూర్తిగా చూపిస్తుంది, 12 అయ్యేసరికి ‘ఇ ప్లస్ 11’ అని తోక తగిలించి కుదించేస్తుంది. అలా కుదించిన రూపంలోనే టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేస్తే వెనకాల అంకెలు పోయినట్టే. 16 అంకెల నంబరు సంగతి మరీ ఘోరం, 15 తర్వాత అంకెని ఎక్సెల్ అసలు గుర్తుపెట్టుకోదు, సున్నా చేసేస్తుంది. తాళంచెవి అరిగిపోయాక మిగిలేది పేరు. పేరు చివర కనబడని ఒక్క ఖాళీ ఉన్నా వీలుకప్ ‘దొరకలేదు’ అంటుంది. పోనీ దగ్గరగా ఉన్నా చాలని సడలిస్తే ఇంకొకరెవరో దొరుకుతారు.

పేర్లు కలిపే పని ఎంత దూరం పోతుందో చెప్పడానికి తెలంగాణ రేషన్ కార్డుల కథ చాలు. అది స్ప్రెడ్‌షీట్ కథ కాదు, అంతకంటే చాలా పెద్ద యంత్రాంగం. కానీ చేసేది అదే పని, రెండు వేర్వేరు పట్టికల్లోని మనిషి ఒకడేనా అని తేల్చడం. క్షేత్రస్థాయిలో చూడకుండా కంప్యూటర్ లెక్కల మీదే కార్డులు రద్దు చేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని మళ్లీ మనుషుల దగ్గరికి వెళ్లి పరిశీలించమంది. ఒకే పేరున్న ఇంకొకరికి కారుందని ఒక ఇంట్లో బియ్యం ఆగిపోవడం ఎర్రర్ మెసేజ్‌గా ఎక్కడా కనబడదు. పట్టికలో అది చక్కగా కలిసిన ఒక వరస మాత్రమే.

మళ్లీ గుంటల దగ్గరికి. ఈ పని చేసేవాళ్లలో జాగ్రత్తపరులు డేటాబేస్ నుంచి లాగేటప్పుడే సర్వే నంబరు, ఇంటి నంబరు, ఆధార్, విస్తీర్ణం, అన్నిటినీ ముందు ‘టెక్స్ట్’గానే తెచ్చుకుంటారు. అంకెలా కనబడినా అంకె కాదని గడికి ముందే చెబుతారు. విస్తీర్ణాన్ని చుక్క దగ్గర రెండు వరసలుగా విడదీసి, ఎకరాల్ని 40తో హెచ్చించి, గుంటలు కలిపి, మొత్తం గుంటల్లో కూడి, చివర మళ్లీ 40తో భాగిస్తారు. విడదీసేటప్పుడు చుక్క తర్వాత ఒకే అంకె కనిపిస్తే అక్కడ ఆగుతారు: అది రెండా, ఇరవయ్యా? 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, ఎక్సెల్ తనంతట తాను తేదీలుగా మార్చడాన్నీ, ముందున్న సున్నాలు తీసేయడాన్నీ, పొడుగు అంకెల్ని కుదించడాన్నీ ఆపుకునే సెట్టింగులు ఇచ్చింది. చుక్క తర్వాత చివర ఉండే సున్నా సంగతి వాటిలో లేదు.